బుజ్జమ్మ రేవు, పింకీ దేశం

నాకు అన్నిటికంటే భయం ఏమిటంటే, ఎప్పుడో ఒకప్పుడు ఒక రేవుకి నా కూతురి పేరు పెడతారేమోనని.

ఈ మాట మా పుట్టింట్లో చెబితే నవ్వారు. మాది బండారులంక పక్కన. ఇంటి వెనక మగ్గం చప్పుడే గాని నీళ్ల చప్పుడు వినకుండా పెరిగాను. పెళ్లయి ఈ కాలవ గట్టు ఊరికి వచ్చాకే తెలిసింది, రేవుకి పేరు రెండు రకాలుగా వస్తుందని. మెట్లు కట్టించినవాళ్ల పేరు ఒకటి. అది రాతి పలక మీద చెక్కుతారు, కొన్ని వానాకాలాలు పోయేసరికి పాచి పట్టి ఎవరికీ కనపడదు. మునిగిపోయినవాళ్ల పేరు రెండోది. అది ఎవరూ ఎక్కడా రాయరు. జనం నోట్లోనే ఉంటుంది కాబట్టి చెరిగిపోదు.

మా ఇంటి వెనకది బుజ్జమ్మ రేవు. కొత్తపేట నుంచి పలివెల వైపు వచ్చే ఆటోవాళ్లకి అది స్టాపు పేరు. "బుజ్జమ్మ రేవు దిగేవాళ్లున్నారాండీ" అని కేకేస్తారు. పెళ్లికూతురిగా నేను దిగిందీ ఆ కేకకే. బుజ్జమ్మంటే ఎవరో మెళ్లో కాసులపేరు వేసుకున్న పెద్దావిడ, పుణ్యానికి మెట్లు కట్టించి ఉంటుందనుకున్నాను.

మా అత్తగారి పేరు మార్తమ్మ. రోజూ పొద్దు వాలే వేళకి ఆవిడ పెరటి దడి దగ్గర నిలబడతారు. గట్టు మీద ఎవరు పోతున్నా సరే, "రేవులో ఎవరన్నా ఉన్నారాండీ?" అని అడుగుతారు. వాళ్లు ఆగి, కిందికి ఒకసారి చూసి, "ఎవరూ లేరండీ మార్తమ్మ గారూ" అని చెప్పి వెళ్లిపోతారు. పాలు పోయడానికి వెళ్లేవాళ్లు, గడ్డిమోపు ఎత్తుకొచ్చేవాళ్లు, సైకిలు మీద పోయేవాళ్లు కూడా ఒక కాలు కిందపెట్టి చూసి చెబుతారు. కొందరైతే అడక్కముందే చెప్పేస్తారు. ఆ మాట విన్నాక ఆవిడ లోపలికొచ్చి, ప్రార్థన చేసుకుని, అన్నం వడ్డిస్తారు. వినకుండా వడ్డించిన రోజు నేను చూడలేదు.

స్నానానికి వెళ్లాలని అడుగుతున్నారు కాబోలు, మగవాళ్లుంటే ఇబ్బంది కదా అనుకున్నాను. కానీ ఆవిడ రేవులోకి దిగేవారే కాదు. బట్టలు కూడా బోరు దగ్గరే ఉతికేవారు. ఆఖరికి పక్కింటి నాగమణిని అడిగాను.

"ఆవిడ అడిగేది నీళ్లు మోసేవాళ్ల గురించి కాదు, ఝాన్సీ" అంది నాగమణి. "వాళ్ల పిల్ల గురించి. బుజ్జమ్మంటే మీ ఆడపడుచే. మీ ఆయన ఉయ్యాల్లో ఉండగా పోయింది. ఏడేళ్ల పిల్ల. ఉండుంటే ఈపాటికి నీ మీద పెత్తనం చేసేది. అదృష్టవంతురాలివి."

నాగమణి సరదా అలాగే ఉంటుంది. నేను నవ్వలేకపోయాను. ఆటోవాళ్లు పొద్దున్నుంచి అరిచేది మా అత్తయ్య గారి కూతురి పేరని, అది ఆవిడ వంటింట్లోకి వినపడుతుందని, ఆవిడ మాత్రం ఆ పేరు ఎత్తగా నేను ఎన్నడూ వినలేదని అప్పుడు తట్టింది. రేవుని ఆవిడ "మన రేవు" అనేవారు.

మాకు పింకీ పుట్టాక ఇంట్లో ఎవరూ అనుకోకుండానే ఒక కట్టుబాటు ఏర్పడింది. రేవుకి ఆ పేరెలా వచ్చిందో పింకీకి చెప్పకూడదు. దడికి వెదురు తలుపు పెట్టించి, గడియ నా భుజం ఎత్తున బిగించాను.

ఈ ఏడాది పింకీకి ఏడు నిండాయి.

సెలవులకి ముందు స్కూల్లో టీచరు పిల్లలకి ఒక పని ఇచ్చారు. దేశాల జెండాలు గీసి, ఏ దేశానికి ఆ పేరెలా వచ్చిందో కనుక్కుని చార్టు మీద రాసుకురావాలట. పిల్లలకి ఇచ్చే పనులన్నీ అమ్మలకే కదా. నేను పదో తరగతి మధ్యలో ఆగిపోయినదాన్ని. సంబంధం కుదిరింది, స్కూలు ఆగింది. సోషల్ అంటే ఇష్టంగానే ఉండేది. మ్యాపులో ఫలానా దేశం గుర్తించమంటే చుక్క పెట్టేదాన్ని. ఆ చుక్కకి ఆ పేరెందుకని నేనెప్పుడూ అడగలేదు.

మా ఆయన జీవన్ బహ్రెయిన్‌లో ఒక హోటల్ వంటింట్లో పనిచేస్తారు. వీడియో కాల్ రాగానే పింకీ ముందు అదే అడిగింది.

"డాడీ, బహ్రెయిన్ అంటే ఎవరు?"

"ఎవరేంటమ్మా? దేశం."

"అదే. ఎవరి పేరు అని."

ఆయన పక్కనున్నవాళ్లని అడిగొచ్చారు. "రెండు సముద్రాలని అర్థమంట తల్లీ, అరబ్బీలో."

"రెండూ కనబడతాయా?"

"నాకు ఒకటే కనబడతంది. అది కూడా సెలవిచ్చిన రోజే."

అలా మొదలైంది. మిగతావి నేను ఫోన్లో నోటితో అడిగి, విని, పింకీకి చెప్పేదాన్ని. కువైట్ అంటే చిన్న కోట అట. నాగమణి చెల్లెలు అక్కడ ఇళ్లలో పనిచేస్తుంది. ఈ సంగతి చెబితే నాగమణి, "మా చెల్లి ఉండే ఇల్లు అచ్చం అంతే. తాళం బయటినుంచి వేస్తారు" అంది. ఫిలిప్పీన్స్ అంటే ఎక్కడో ఉన్న రాజు పేరు. సౌదీ అంటే ఏలేవాళ్ల ఇంటిపేరు. అమెరికా అంటే ఓడలో వెళ్లొచ్చిన అమెరిగో అనే ఆయన పేరు. ఇండియా అన్న పేరు సింధు నది మీంచి వచ్చింది.

"అయితే మనది నీళ్ల పేరు" అంది పింకీ, నీలం స్కెచ్ పెన్ను వెతుక్కుంటూ. "నీది ఊరు పేరు కదా మమ్మీ, ఝాన్సీ. నాది రంగు పేరు. ఆడపిల్లల పేరు పెట్టిన దేశం లేదా?"

వెతికితే ఒక్కటి దొరికింది. సెయింట్ లూసియా అని చిన్న దీవి.

గుమ్మంలో కత్తిపీట వేసుకుని బెండకాయలు కోస్తున్న అత్తయ్య గారు తలెత్తారు. "లూసమ్మా? పోన్లే, ఒకత్తైనా ఉంది."

"నానమ్మా, నీకు తెలుసా పేర్లెలా వచ్చేయో?"

"బైబిల్ వాక్యంలో ఉన్నయ్యన్నీ మనుషుల పేర్లే కదే. ఓడ కట్టినాయన మనవలే ఈ దేశాలన్నీ. మిస్రాయిమంటే ఐగుప్తు. కూషు, పూతు, కనాను, అందరూ ఆయన మనవలే."

"పిల్లలు దేశాలెలా అయ్యేరు?"

"వెళ్లేరు. వెళ్లినచోట ఉండిపోయేరు. ఉండిపోయిన చోటుకి వాళ్ల పేరొచ్చింది."

"వాళ్లమ్మలు రమ్మని పిలవలేదా?"

బెండకాయ మీద ఆవిడ చెయ్యి ఆగింది. "అది రాయలేదమ్మా అందులో."

"అన్నానికైనా పిలుస్తారు కదా. 'కనానూ, అన్నానికి రా' అంటే దేశమంతా లేచొచ్చేసేదా?" అని పింకీ తన మాటకి తనే పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, నేను ఏడేళ్లుగా దాచుకుంటూ వచ్చిన మాట అడిగేసింది. "మరి బుజ్జమ్మో?"



"ఎవరో పెద్దావిడ. మెట్లు కట్టించింది" అన్నాను నేను తొందరగా.

"మరి పలక లేదేం? పెద్ద రేవుకి ఉంది కదా."

"పాచి పట్టేసింది."

పింకీ నమ్మలేదు. నేను చెప్పేది అబద్ధమైతే అది ముక్కు ఎగబీలుస్తుంది. "కట్టించి ఉండదు. అందరికన్నా ముందు దిగి ఉంటది, అమెరికా ఆయన లాగ. ముందెళ్లినోళ్ల పేరే పెడతారు" అంది.

అత్తయ్య గారు కోసిన ముక్కలూ కొయ్యని కాయలూ ఒకే గిన్నెలో వేసుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆ ఎండాకాలం కూడా ఎప్పటిలాగే కాలవలు కట్టేశారు. పూడిక తియ్యడానికి, షట్టర్లు బాగుచెయ్యడానికి ఏటా కట్టేస్తారు. నీళ్లు తగ్గేకొద్దీ రేవు మెట్లు ఒక్కొక్కటే బయటపడి, ఆఖరికి అడుగు మెట్టు కూడా కనిపించింది. దానికి ఎదురుగా కాలవ నడిమిలో ఒక ఇసుకదిబ్బ లేచింది. చుట్టూ నల్లటి బురద. బురదలో కుక్కల అడుగులు, కొంగల అడుగులు ఉన్నాయి గాని, దిబ్బ మీద మాత్రం ఏ గుర్తూ లేదు. దులిపి పరిచిన దుప్పటిలా ఉంది.

పింకీ దడి సందుల్లోంచి దాన్నే చూసేది.

"అక్కడికి ఎవరూ వెళ్లలేదా మమ్మీ?"

"దిగబడిపోతారు. నువ్వు ఇటు రా."

"ఎవరూ వెళ్లలేదన్నమాట" అంది, నాకు కాదు, తనకి తను చెప్పుకుంటున్నట్టు.

అది అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

నీళ్లు వదిలే ముందురోజు వెంకన్న గట్టు మీద కేకేసుకుంటూ వచ్చాడు. వెంకన్న కాలవ లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు చూసుకోవడం ఆయన పని. ముసలివాడు. సాయంత్రమైతే కాస్త పుచ్చుకుంటాడు గాని, నీటి విషయంలో తేడా రానివ్వడని పేరు.

"రేపు వదుల్తారండీ మార్తమ్మ గారూ. మనకాడికి వచ్చేతలికి పొద్దోతాది. గేదెల్నీ పిల్లల్నీ చూసుకోండి."

"ఆయ్, మంచిదండీ" అన్నారు అత్తయ్య గారు.

"వెంకన్న తాతా, నీ పేరు మీద దేశం ఉందా?" అంది పింకీ.

"ఎందుకు లేదమ్మా. ఈ షట్టరు కాణ్ణించి ఆ షట్టరు దాకా నాదే."

"అందరూ నీ మాట వింటారా?"

"గేదెలు వింటాయేమోనని చూస్తన్నాను. ఇంకా మొదలెట్టలేదు."

అందరం నవ్వాం. అత్తయ్య గారు కూడా నవ్వారు. అందుకే ఆ సాయంత్రం నాకు ఇంత గుర్తు.

మర్నాడు పొద్దున్నుంచీ నాకు ఏ పనీ సాగలేదు. కొత్త నీరు రావడం మీరు చూశారో లేదో. ముందు వాసన వస్తుంది, ఎండిన బురద తడిసిన వాసన. తర్వాత చెత్త వస్తుంది. కొబ్బరి డొక్కలు, ప్లాస్టిక్ సీసాలు, ఎండుటాకులు, మురికి నురగ, ఒకదాన్నొకటి తోసుకుంటూ పాములా వస్తాయి. నీళ్లు వాటి వెనక నక్కి వస్తాయి. చూసేవాళ్లకి ఏమీ కాదు, చీలమండ లోతే కదా అనిపిస్తుంది. కాసేపటికి చూస్తే మోకాళ్లు ఉండవు.

పింకీ ముందుగదిలో చార్టుకి రంగులేసుకుంటోంది. నేను వంటింట్లో ఉన్నాను. వాసన వచ్చింది. పెరటివైపు కిటికీలోంచి చూస్తే దడి తలుపు గడియ పడే ఉంది. సరే అనుకున్నాను. అంతలో ఫోను మోగింది. మామూలుగా మా ఆయన పని వేళలో చెయ్యరు. ఏటా నీళ్లు వదిలే రోజు మాత్రం చేస్తారు. ఎందుకని నేను అడగను, ఆయనా చెప్పరు.

"పింకీ ఏం చేస్తంది?"

"చార్టు గీస్తోందండీ."

"ఒకసారి చూపించు."

"ముందుగదిలో ఉంది. పొయ్యి మీద పులుసు..."

"చూపించు ఝాన్సీ."

ఫోను పట్టుకుని వెళ్లి ముందుగది వైపు తిప్పాను. నేల మీద చార్టు పరిచి ఉంది. జెండాలన్నీ వరసగా ఉన్నాయి. స్కెచ్ పెన్నులు మూతల్లేకుండా పడి ఉన్నాయి. చార్టు మూల ఒక ముక్క కత్తెరతో కత్తిరించేసి ఉంది. వీధి తలుపు ఓరగా తీసి ఉంది. నేను పెరటి గడియ గురించే ఆలోచించాను గాని, వీధిలోంచి ఇల్లు చుట్టి గట్టెక్కవచ్చని ఆలోచించలేదు.

"పింకీ ఏది?" అన్నారు ఫోన్లో.

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి అత్తయ్య గారి గొంతు వినపడింది, రోజూ వినే మాటే. "రేవులో ఎవరన్నా ఉన్నారాండీ?"

గట్టు మీంచి వెంకన్న గొంతు. "ఆయ్, ఉందండీ. ఒక పిల్ల ఉంది."

ఫోను ఎక్కడ పడేశానో తెలియదు. పెరట్లోకి పరిగెత్తాను. అత్తయ్య గారు వెదురు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ మొహంలో భయం లేదు. నన్ను భయపెట్టింది అదే. ఎంతోసేపటి నుంచి ఎదురుచూస్తున్న బస్సు మలుపు తిరిగితే ఎలా చూస్తారో అలా చూస్తున్నారు.

"ఉందంట, ఝాన్సీ" అన్నారు.

ఆవిడని పక్కకి తోసి గడియ లాగాను. గట్టెక్కి రేవులోకి చూశాను.

మెట్ల మీద ఎవరూ లేరు.

దిబ్బ మీద పింకీ ఉంది. నా వైపు వీపు పెట్టి కూర్చుని, కొబ్బరి ఈనెకి గుచ్చిన కాగితపు జెండాని ఇసుకలో పాతుతోంది. దిబ్బ చుట్టూ నురగ తిరుగుతోంది. నీళ్లు అప్పటికే అడుగు మెట్టుని ముంచేసి దాని పై మెట్టుని నాకుతున్నాయి.

పేరు పెట్టి అరిచాను. అది వెనక్కి తిరిగి చెయ్యూపింది.

"మమ్మీ, నేనే ముందు."

నాకు ఈత రాదు. మెట్లు దిగి నేరుగా అడుగేయబోయాను.

"అక్కడ దిగకు మమ్మీ, నడిమిన లోతు. ఎడంపక్కనించి రా, గట్టిగా ఉంది" అని అరిచింది పింకీ.

ఎడమవైపు దిగాను. మోకాళ్ల దాకా, తర్వాత నడుము దాకా వచ్చింది గాని కాలికింద నేల ఉంది. దిబ్బ చేరేసరికి పింకీ పాదాల మీదకి నీళ్లు వచ్చేశాయి. ఎత్తుకున్నాను. వెనక్కి తిరిగేసరికి వెంకన్న మెట్ల మీంచి దిగి, భుజం మీది తువ్వాలు నా వైపు విసురుతున్నాడు. దాని కొస పట్టుకున్నాక నన్ను ఆయన లాగాడో, నేనే నడిచానో నాకు గుర్తులేదు.

గట్టెక్కాక వెనక్కి చూశాను. జెండా ఇంకా నిలబడే ఉంది. గులాబీ రంగు అక్షరాలు ఇక్కణ్ణించి కూడా కనిపిస్తున్నాయి. పింకీ. చుట్టూ నీళ్లు, నడిమిన నా కూతురి పేరు. పిల్లని కింద దింపి, దాన్ని పీకెయ్యడానికి మళ్లీ మెట్ల వైపు వెళ్లాను. వెంకన్న రెక్క పట్టుకుని ఆపాడు.

"కాగితం కోసం పోతారేంటండీ."

"పేరుందండీ దాని మీద."

"ఉంటే ఉంది. నీళ్లకి చదువొచ్చా?"

మేం చూస్తుండగానే అది వంగింది, మునిగింది. పైకి తేలలేదు.

అప్పుడు వెంకన్న రేవంతా ఒకసారి కలయజూసి, "మరి ఆ పిల్లేదండీ?" అన్నాడు.

"ఏ పిల్ల?"

"మెట్టు మీద కూర్చున్న పిల్లండీ. నేను చెప్పింది ఆ పిల్ల గురించి. ఈ పాపని నేను చూళ్లేదు. తమరు అరిస్తే కదా వచ్చేను."

"మెట్టు మీద ఎవరూ లేరు" అన్నాను.

"ఉందండీ. ఇంత పిల్ల. మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. నీళ్లొస్తన్నాయి ఇంటికెళ్లమ్మా అన్నాను. మా అమ్మ ఇంకా పిలవలేదు అంది."

వెనకాల వెదురు తలుపు కిర్రుమంది. అత్తయ్య గారు దడి పట్టుకుని నిలబడి ఉన్నారు. వెంకన్న మాట ఆవిడ విన్నారు.

లోపలికి తీసుకొచ్చి మంచినీళ్లిచ్చాను. తాగలేదు. నేను పింకీ తల తుడుస్తుంటే ఆవిడ గోడకానుకుని చెప్పడం మొదలుపెట్టారు. నా వైపు చూడలేదు.

"ఆరోజు మీ ఆయనకి ఒళ్లు కాలిపోతంది, ఉయ్యాల్లోంచి తీస్తే ఏడుపు. అదేమో కొత్త నీరు చూస్తానని నా కొంగు పట్టుకుని ఒకటే గొడవ. విసుగొచ్చి, వెళ్లి మెట్ల మీద కూర్చో, నేను పిలిచేదాకా రాకు అన్నాను. వాడు నిద్రపోయేతలికి పొద్దోయింది. పిలుద్దామని గట్టెక్కేను. మెట్ల మీద లేదు. ఇంక ఏమని పిలుస్తాను?"

"ఆ మాట వెంకన్నకి తెలుసా అత్తయ్యా?"

"ఎవరికీ తెలీదు. మీ మావయ్య గారు ఉన్నన్నాళ్లూ ఆయనకి కూడా చెప్పలేదు."

నా చేతిలో తువ్వాలు ఆగిపోయింది. కిందనుంచి పింకీ, "ఎడంపక్క గట్టిగా ఉందని ఆ అమ్మాయే చెప్పింది మమ్మీ" అంది.

"ఏ అమ్మాయి?"

"మెట్టు మీద అమ్మాయి. నువ్వు కూడా రావే అన్నాను. రాను, మా అమ్మ తిడతది అంది."

నేను పిచ్చిదాన్ని కాదు. మర్నాడు వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి, ఆ వేళ రేవులో కూర్చున్నది మీ పిల్లా అని అడిగాను. అందరూ కాదన్నారు. నిజమే అయినా తన్నులకి భయపడి పిల్లలు చెప్పరు. వెంకన్న పుచ్చుకునే మనిషి. పింకీ ఊహలు అల్లే పిల్ల. ఇవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. మా ఆయనకి ఫోన్లో కూడా చెప్పాను. ఆయన అంతా విని, "అమ్మ అన్నం తిందా?" అని మాత్రం అడిగారు.

తినలేదు. ఆరోజు నుంచి సరిగ్గా తినడం లేదు. ఎందుకంటే ఊళ్లో మాట పాకిపోయింది. పొద్దు వాలితే ఎవరూ ఆ గట్టు మీదుగా రావడం లేదు. పాలవాళ్లు రోడ్డు చుట్టూ తిరిగి వెళుతున్నారు. తప్పక వచ్చినవాళ్లు కూడా తల అటు తిప్పుకుని పోతారు. అత్తయ్య గారు దడి దగ్గర నిలబడి అడుగుతారు. జవాబు రాదు. చూసి, ఉంది అని చెప్పాల్సి వస్తుందేమోనని అందరికీ భయం. వెంకన్న అయితే షట్టరు దగ్గర నుంచే వెనక్కి తిరిగిపోతున్నాడట.

"మీరే ఒకసారి పిలవకూడదా అత్తయ్యా" అన్నాను ఒకరోజు.

"పిలిస్తే రాకపోతేనో?" అన్నారు. "పిలవనంతకాలం ఇంకా కూర్చునే ఉంటది కదా, నా మాట విని."

స్కూళ్లు తెరిచారు. మూల కత్తిరించిన చార్టు పట్టుకునే పింకీ వెళ్లింది. టీచరుకి నచ్చిందట, గోడకి పెట్టారట. నాకది పట్టలేదు. నిన్న నాగమణి దడి మీంచి వంగి, "మీ పింకీ దిబ్బ పూర్తిగా మునిగిపోయిందే" అంది. ఎవరన్నారు ఆ మాట అని దాని మీద ఇంతెత్తున లేచాను. "పిల్లలందరూ అలాగే అంటన్నారు, నామీద పడతావేంటి" అంది. నిజమే. ఎవరూ రాయలేదు, ఎవరూ నిర్ణయించలేదు. నోటికి వచ్చేసింది. వచ్చే ఏడు కాలవ కట్టేసినప్పుడు ఆ దిబ్బ మళ్లీ లేస్తుంది, ఆ పేరుతోనే లేస్తుంది. కనానుకీ అమెరికాకీ కూడా ఎవరో ఒకరు ఇలాగే అనేసి ఉంటారు. ఆ పిల్లల అమ్మలు అప్పుడు ఏ గుమ్మంలో నిలబడి విన్నారో.

నేను మాత్రం రోజుకి ఎన్నిసార్లో పింకీని పేరు పెట్టి పిలుస్తున్నాను. ఎదురుగా ఉన్నా పిలుస్తాను. "ఉన్నాను కదా మమ్మీ" అని విసుక్కుంటుంది. విసుక్కోనివ్వండి. ఆ పేరు పిలిస్తే పలికే మనిషిదిగానే ఉండాలి.

సాయంత్రం నేను రేవులోకి చూడలేను. దడి దాకా వెళతాను, కాళ్లు ఆగిపోతాయి. నా పిల్లకి దారి చెప్పిన పిల్ల అక్కడుంటే చేతులు జోడించాలి. లేకపోతే ఎవరూ లేరని మా అత్తయ్య గారికి చెప్పాలి. రెంటిలో దేనికీ నాకు ధైర్యం లేదు.

అందుకే ఇది రాశాను. మీరెప్పుడైనా కొత్తపేట నుంచి ఇటు వస్తే, పొద్దు వాలే వేళకి బుజ్జమ్మ రేవు దగ్గర ఆటో దిగండి. గట్టెక్కి ఒకసారి మెట్ల వైపు చూడండి. ఎవరూ లేకపోతే, దడి మీంచి కేకేసి మార్తమ్మ గారికి ఆ మాట చెప్పండి, ఆవిడ అన్నం తింటారు. ఎవరన్నా ఉంటే మాత్రం ఆవిడకి చెప్పకండి. ఆ పిల్ల దగ్గరికే వెళ్లి, బాగుందో లేదో చూసి, మీ అమ్మ పిలుస్తోంది ఇంటికి వెళ్లమ్మా అని చెప్పండి.